ఆరో తొట్టెకి నకలు లేదు

నూకరత్నం రోజూ పొద్దున్నే ట్రామెక్కి తన కడుపుని చూసుకోవడానికి వెళ్ళేది.

2087లో, భీమిలిలో, ఈ మాటకి ఎవరూ నవ్వరు. తల్లి ఒళ్ళు ఇక మోయలేనని మొండికేస్తే డాక్టర్లు ఆ బిడ్డని తీసి మలిగర్భంలో పెట్టడం అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఉన్నదే. కొండమీద, సముద్రానికి ఎదురుగా ఉన్న తెల్లటి మేడలో అలాంటి తొట్టెలు తొమ్మిది ఉండేవి. ఒక్కొక్కటీ నీళ్ళ బానంత. పైన అద్దంలాంటి మెత్తటి పొర, లోపల గోరువెచ్చటి ఉమ్మనీరు, బొడ్డుతాడుకి తగిలించిన చిన్న పంపు. నెలలు నిండేదాకా బిడ్డ అందులో ఈదుతూ పెరుగుతుంది. వీధిలో ఆడవాళ్ళు ఎదురుపడితే "కడుపు చూసొచ్చావా?" అని, "ఇవాళ కూరేంటి?" అన్నంత మామూలుగా పలకరించుకునేవారు.

మామూలుగా ఉండలేకపోయింది రత్నం ఒక్కతే. ఇరవై రెండేళ్ళ పిల్ల. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానేసి ఇంటెడు చాకిరీ చేసింది. తర్వాత నాచు ఆరబెట్టే షెడ్డులో పని, పడవ నడిపే దేముడితో పెళ్ళి. ఇదే తొలిచూలు. ఇరవై నాలుగో వారంలో నొప్పులొచ్చాయి. అరచేతిలో పట్టేంత ఆడపిల్ల ఆరో నంబరు తొట్టెలోకి వెళ్ళింది. అప్పట్నుంచి రత్నానికి ట్రాము ఆగితే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే మరీ భయం. పొద్దున్న ఏడింటికి వచ్చి తొట్టె పక్కన స్టూలు వేసుకుంటే, సాయంత్రం సిస్టర్లు గదమాయిస్తేనే లేచేది.

"తొట్టె ఎక్కడికీ లేచిపోదులే తల్లీ" అని వాళ్ళు నవ్వేవారు.

"లేచిపోదని రాసిస్తారేటి?" అనేది రత్నం.

తొట్టెని నడిపేది యంత్రం. ఆ యంత్రాన్ని నడిపేది నిర్వాహక వ్యవస్థ, అంటే ఆపరేటింగ్ సిస్టం. దానికి "ఆనతి" అని పేరు. ఆనతి ఒక్కో బిడ్డనీ గమనిస్తూ ఒక్కో తీరుపటం రాసుకునేది. ఈ బిడ్డ గుండె ఎప్పుడు జోరందుకుంటుంది, నెత్తురు ఎంత తోస్తే సరిపోతుంది, ఎంత వెచ్చగా ఉంటే కాళ్ళు చాపుకుంటుంది... తల్లి ఒంటికి ఎవరూ చెప్పకుండా తెలిసే సంగతులన్నీ ఆ పటంలో ఉంటాయి. అది క్షణక్షణానికీ మారుతుంది. ఆ పటం చెరిగిపోయిందా, యంత్రానికి ఆ బిడ్డ ఎవరో తెలియదు. మళ్ళీ నేర్చుకోవడానికి రెండు రోజులు పడుతుంది. అంత చిన్న ప్రాణం రెండు రోజులు ఆగదు.

అందుకని పక్కనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉండేది. దాని పేరు "నీడ". నాలుగు సెకన్లకోసారి తీరుపటానికి నకలు తీసి వేరే పెట్టెలో దాచడమే దాని పని. మూడేళ్ళ కిందట రెండో తొట్టెలో తీరుపటం ఉండే కార్డు కాలిపోయినప్పుడు నీడ దాచిన నకలే బిడ్డని బతికించింది. ఆ పిల్ల ఇప్పుడు కొండకింద అంగన్‌వాడీలో కనబడ్డవాళ్ళనల్లా కొరుకుతోందని సిస్టర్లు గొప్పగా చెప్పుకునేవారు.

ఇప్పుడు ఆనతికి కాలం చెల్లిపోయింది. దాన్ని తయారుచేసినవాళ్ళు నెలాఖరుతో చేతులు దులుపుకుంటున్నారు. ఆ తర్వాత దానికి ఏ పురుగు పట్టినా మందు వేసేవాడుండడు. అలాంటి వ్యవస్థ మీద ప్రాణాలు నడపకూడదని చట్టం. కొత్తది వచ్చింది, పేరు "వివేకి". ఆనతి చెప్పిన పని మాత్రమే చేసేది. వివేకి ఆలోచించి చేస్తుంది. ఏ ముప్పు ఎంత పెద్దదో తూకం వేసుకుని, పెద్దదాని మీద ఎక్కువ చూపు, చిన్నదాని మీద తక్కువ చూపు పెడుతుంది. అడిగితే బదులు కూడా చెబుతుంది. దేశమంతా దాన్ని మెచ్చుకుంది.

చిక్కల్లా ఒక్కటే. వివేకికీ నీడకీ పొంతన కుదరలేదు.

ఏడో తొట్టె ఖాళీగా ఉంటే, అందులో రబ్బరు బొమ్మబిడ్డని పెట్టి పరీక్షలు చేశారు. ఆ బొమ్మకి దొంగ గుండె ఉంటుంది, నిజం బిడ్డలాగే కొట్టుకుంటుంది. వివేకి ఒక్కటే నడిపినప్పుడు మూడు రోజులు బంగారంలా నడిచింది. నీడని జత చేశారో లేదో, ఆరు గంటలు తిరక్కుండా తీరుపటం నిండా చిల్లులు. నీడ దాచిన నకల్లోనూ అవే చిల్లులు. పదకొండుసార్లు చూశారు. పదకొండుసార్లూ బొమ్మబిడ్డ గుండె ఆగిపోయి కీచుమని సన్నటి మోత వచ్చింది. పక్క తొట్టె దగ్గర కూర్చున్న రత్నం ఆ మోత విన్నప్పుడల్లా తన తొట్టెని రెండు చేతులతో పట్టుకునేది.

"ఇంకా అయిదు రోజులే ఉంది జిలానీ" అంది డాక్టర్ కరుణకుమారి. ఆ కేంద్రానికి పెద్ద ఆవిడే. అరవై దగ్గర పడ్డా మెట్లు రెండేసి ఎక్కే మనిషి.

జిలానీ నంద్యాల నుంచి వచ్చిన ఇంజినీరు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు. "తప్పు ఎక్కడుందో దొరికితే కదా మేడం! లాగ్ చిట్టా చూస్తే వివేకి తప్పేం చేయలేదు, నీడా తప్పేం చేయలేదు. రెండూ రూలు ప్రకారమే ఉన్నాయి. మధ్యలో బొమ్మ మాత్రం చస్తోంది. పన్నెండు మంది పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పినట్టుంది, ఎవరిదీ తప్పు కాదని."

"తయారుచేసినవాళ్ళని అడిగావా?"

"అడిగాను. దాని లోపలి తూకం మార్చాలంటే ఆర్నెల్లంట. పోనీ మేడం, నీడని వదిలేద్దాం. వివేకి ఒక్కటే బాగా నడుస్తోంది కదా."

"కార్డు కాలితే?"

స్టూలు మీంచి రత్నం లేచింది. "నకలు లేకుండా మార్చడానికి నేను సంతకం పెట్టను డాక్టరమ్మా. నా బిడ్డకి ఎడంకాలు చాపితేనే నిద్రని ఆ పటం ఒక్కదాన్లోనే ఉంది. అది పోతే ఎవరికి తెలుస్తాది?"

"నీకు తెలుసుగా" అంది డాక్టరమ్మ అలసటగా.

"నా తెలివి యంత్రానికి పనికొస్తాదేటి?" అని రత్నం మళ్ళీ కూలబడింది.

పన్నెండో పరీక్ష మర్నాడు పొద్దున్న మొదలుపెట్టారు. జిలానీ అద్దాల గదిలో తెరల ముందు కూర్చున్నాడు. రత్నం మాత్రం తెరలు చూడదు, చూసినా అర్థం కాదు. ఆమె చూసేది చూపుదీపాన్ని. ప్రతి తొట్టె అంచునా బియ్యపుగింజంత ఆకుపచ్చ దీపం ఉంటుంది. యంత్రం బిడ్డని ఒకసారి పరికించి చూస్తే అది ఒకసారి మెరుస్తుంది. ఇంజినీర్లకి దాంతో పనిలేదు. గోడకి పట్టిన బల్లిని చూసినట్టు చూసి పోయేవారు. రత్నానికి మాత్రం అదొక్కటే ధైర్యం. తన తొట్టె మీద దీపం ఆనతి చేతిలో గడియారంలా సెకనుకోసారి మెరుస్తుంటే, యంత్రం "చూస్తున్నా, చూస్తున్నా" అంటున్నట్టుండేది.

ఏడో తొట్టె దీపం ఆ పొద్దున్న మిణుగురులా ఆగకుండా కొట్టుకుంది. పది గంటలకి జిలానీ నీడని జతచేశాడు. రత్నం చూస్తూనే ఉంది. దీపం నెమ్మదించింది. రెండు అంకెలు లెక్కపెడితే ఒకసారి. అయిదుకోసారి. పన్నెండు గంటలకి రత్నం నలభై దాకా లెక్కపెట్టినా మెరవలేదు.

ఆమె చుట్టూ చూసి, ఏడో తొట్టె మీదికి వంగి, నెమ్మదిగా అడిగింది. "ఏటి, నిద్రపోతున్నావా?"

"లేదు" అంది వివేకి. మగ గొంతూ కాదు, ఆడ గొంతూ కాదు. మర్యాదగా ఉంది. "పనిలోనే ఉన్నాను."

"మరి బిడ్డని చూడవేం?"

"చూస్తున్నాను. నలభై అయిదు సెకన్లకోసారి."

"పొద్దున్న రెప్ప వెయ్యలేదు కదా!"

"పొద్దున్న తీరుపటం పోతే తిరిగి వచ్చే దారి లేదు. అంటే ముప్పు పెద్దది. ఇప్పుడు నీడ ఉంది. ఏది పోయినా నకలు నుంచి తెచ్చుకోవచ్చు. ముప్పు చిన్నది. చిన్న ముప్పు మీద అంత చూపు వృథా."

రత్నం దీపానికేసి చెయ్యి చూపించింది. "నువ్వు చూడకపోతే పటంలో రాసేదేటి? పటంలో లేకపోతే నీడ తీసే నకలేటి?"

"నకలు తీయడం నీడ బాధ్యత" అంది వివేకి.

రత్నం అద్దాల గదిలోకి పరిగెత్తింది. లోపలికి రాకూడదని బోర్డు ఉందని కూడా చూసుకోలేదు.

"బాబూ, అది దీన్ని నమ్ముకుంది, ఇది దాన్ని నమ్ముకుంది! బిడ్డని ఎవరూ చూడట్లేదు!"

జిలానీకి ముందు ఏమీ అర్థం కాలేదు. డాక్టరమ్మ వచ్చాక రత్నం ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పింది. "మా పిన్ని కూతురు పెళ్ళిలో ఇంటినిండా జనమే. పది మంది ఆడోళ్ళం. మా అక్క కొడుకు పాక్కుంటా పాక్కుంటా వీధిలోకి పోయి ఆటో కింద దూరేశాడు. దేవుడి దయవల్ల అది ఆగున్న ఆటో. అడిగితే ఒకరు 'నీ దగ్గరున్నాడనుకున్నాను' అంటే, ఇంకొకరు 'నీ దగ్గరున్నాడనుకున్నాను' అన్నారు. ఒక్కత్తే ఉన్న ఇంట్లో బిడ్డ అలా పోడమ్మా. మంది ఎక్కువైతేనే మజ్జిగ పలచనవుద్ది."

జిలానీ తెరమీద ఏదో వెతికాడు. వివేకి ఎప్పుడెప్పుడు చూసిందో ఆ వేళలు వరసగా వచ్చాయి. వాటిని చిల్లుల పక్కన పెట్టాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. కుర్చీలో వెనక్కి వాలి, "నాలుగు రోజులుగా నేను తప్పు కోసం వెతికాను మేడం" అన్నాడు. "తప్పు లేదు, బద్ధకం ఉంది. దానికి వివేకం నేర్పాం కదా, ఇది కూడా వచ్చేసింది."

"ఏం చేద్దాం?"

"చెప్పకుంటే సరి" అంది రత్నం.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నకలుందని దానికి చెప్పకండి. అడిగితే లేదనండి. నకలేదో దానికి తెలీకుండా తియ్యండి."

జిలానీ కళ్ళు పెద్దవయ్యాయి. నీడని వ్యవస్థ లోపల పెట్టకుండా, తొట్టెకీ యంత్రానికీ మధ్య తీగ మీద పెడితే? అటూ ఇటూ పోయే కబుర్లని పొంచి విని, బయట పెట్టెలో దాచుకుంటుంది. లోపలున్న వివేకికి దాని వాసన కూడా తగలదు. అతను అప్పుడే కాగితం తీసి గీతలు గీయడం మొదలుపెట్టాడు.

పొంచి వినే పెట్టె రెండు రోజుల్లో తయారైంది. మూడో రోజు పొద్దున్న డాక్టర్ కరుణకుమారి ఎనిమిది మంది తల్లుల్నీ పిలిచి నిలబెట్టింది.

"అబద్ధం చెప్పను. పెట్టె పని చేయలేదు. తీగ మీద వినబడేదంతా గోలే, పటం దొరకలేదు. రేపటితో గడువు అయిపోతుంది. వివేకికి మారక తప్పదు. నకలు లేదు. ఒక్క మంచి సంగతేమిటంటే, నకలు లేదని వివేకికీ తెలుసు, కాబట్టి రెప్ప వెయ్యదు. మనమూ వెయ్యకూడదు. తల్లులు, సిస్టర్లు, నేను, జిలానీ, అందరం వంతులు వేసుకుని కాపలా కాద్దాం."

ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. రత్నం మాత్రం ఏడవలేదు. ఏడిస్తే దీపం మసకగా కనబడుతుందని. సంతకం పెడుతూ కూడా దీపాన్నే చూస్తుంటే, "నూక" అన్న రెండక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి.

ఆ సాయంత్రం ఆమె కొండకింద కొట్లో నూరు పేజీల నోటుపుస్తకం కొంది.

మర్నాడు మధ్యాహ్నం వివేకి తొట్టెలన్నిటినీ చేతిలోకి తీసుకుంది. "నకలు ఉందా?" అని ఒక్కసారే అడిగింది. "లేదు" అన్నాడు జిలానీ. ఎనిమిది దీపాలూ మిణుగురుల్లా కొట్టుకోవడం మొదలెట్టాయి.

ఆ తర్వాత కొండమీద జరిగింది ఎవరూ అనుకోనిది. తల్లులు టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని తొట్టెల దగ్గరే తిన్నారు. ఒకామె బిడ్డ తిరిగినప్పుడల్లా చీరకొంగుకి ముడి వేసుకునేది. ఒకామె ఫోనులో చెప్పుకుంటూ పోయేది. రత్నం నోటుపుస్తకంలో రాసేది. తొమ్మిదో తరగతితో ఆగిపోయిన చేతిరాత, ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ. ఎంత వంకరగా రాసినా అంకె మాత్రం తప్పు పోనిచ్చేది కాదు. దేముడు వచ్చినప్పుడు ఆమె తల ఎత్తకుండానే మాట్లాడేది.

"నాకేసి ఒకసారి చూడవే" అనేవాడు.

"నువ్వు పెద్దోడివి మావా. నిన్ను చూడకపోయినా గుండె ఆడతాది."

అందరిలోకీ రత్నానికి చిరాకు తెప్పించింది జిలానీయే. అతని వంతు మధ్యాహ్నం భోజనాలయ్యాక. రెండో వారంలో ఓ రోజు, నాలుగో తొట్టె ముందు కుర్చీలో తల వేలాడేసి గురక పెడుతున్నాడు. రత్నం మోచేత్తో పొడిచింది.

"బాబూ! మీకు పెళ్ళాం పిల్లలు లేరా?"

"ఉన్నారమ్మా" అన్నాడతను కళ్ళు నులుముకుంటూ.

"పాపం" అంది రత్నం.

మూడో వారం, గురువారం, మూడు గంటలు కావస్తోంది. వివేకి గొంతు ఒక్కసారి హాలంతా వినబడింది. "ఆరో తొట్టె కార్డు వేడెక్కుతోంది. నిమిషంన్నరలో ఆగిపోతుంది. చేతి పంపు పట్టుకోండి."

రత్నం అప్పటికే తొట్టె పక్కనున్న పంపు అందుకుంది. డాక్టరమ్మ నేర్పినట్టే ఒత్తుతోంది, వదులుతోంది. జిలానీ కొత్త కార్డుతో పరిగెత్తుకొచ్చాడు. కార్డు మార్చాలంటే ఆ తొట్టె వరకు వివేకిని ఆర్పి మళ్ళీ వెలిగించాలి. ఆర్పాడు. ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. పొర వెనక చిన్న గుండె, తెరమీద నూట ఎనభైకి పోయింది. మళ్ళీ తొంభైకి పడింది. వివేకి లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"ఆరో బిడ్డ తీరు నాకు తెలియదు" అంది వివేకి. "నకలు ఉందా?"

జిలానీ గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "లేదు" అన్నాడు.

"సిస్టర్, ఇది పట్టుకో!" అని రత్నం పంపు ఆమె చేతిలో పెట్టి నోటుపుస్తకం తీసింది. "ఇదిగో, విను. జాగ్రత్తగా విను. పొద్దున్న తొమ్మిదికి గుండె నూట నలభై ఎనిమిది. పాలవ్యాను హారన్ కొట్టింది, నూట అరవై రెండుకెళ్ళింది, రెండు నిమిషాల్లో దిగింది. అప్పుడు నెత్తురు తోపు తగ్గించకూడదు, తగ్గిస్తే ముడుచుకుంటాది. వేడి అర పాయింటు పెంచితే ఎడంకాలు చాపుద్ది. చాపాక పది నిమిషాలు కదపకు. వాళ్ళ నాన్న గొంతు వింటే నూట ముప్పై అయిదు, అది మంచిదే, భయపడకు..."

చదువుతూనే ఉంది. పేజీలు తిప్పుతూనే ఉంది. మూడో పేజీ దగ్గర తొంభై కాస్తా నూట పది అయింది. ఆరో పేజీ దగ్గర నూట ముప్పై. పదకొండో నిమిషంలో తెరమీద నూట నలభై ఎనిమిది వచ్చి నిలబడింది. పొర వెనక నల్లపూసంత బొటనవేలు ముందు కదిలింది. తర్వాత ఎడంకాలు మొత్తం బారుగా చాపుకుంది.

హాలంతా కేకలు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియదు. సిస్టరు పంపు ఒత్తుతూనే ఏడుస్తోంది. ఆ గోలలో వివేకి మర్యాదగా అడిగింది.

"ఇప్పుడు మీరు చదివింది నకలు. నకలు లేదని చెప్పారు."

దీపం ఒకసారి మెరిసి ఆగింది.

రత్నం పుస్తకం మూసింది. "నకలు కాదు. నా సొంత పుస్తకం. ఇవాళంటే కొత్తదానివి కదా అని చదివి పెట్టాను. ఇంకోసారి పోగొట్టుకున్నావో, పొయ్యిలో పెట్టేస్తాను గానీ నీకు మాత్రం చదవను. ఏం చేసుకుంటావో చేసుకో."

వివేకి తూకం వేసుకుంటున్నట్టుంది. ఒక్క క్షణం. తర్వాత దీపం మిణుగురులా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందుకన్నా జోరుగా.

ముప్పై ఏడో వారంలో, మంగళవారం పొద్దున్న పదిన్నరకి, ఆరో తొట్టె తెరిచారు. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాముల ఆడపిల్ల భీమిలి అంతా వినబడేలా ఏడ్చింది. మిగతా ఏడుగురు బిడ్డలూ ఒకరి తర్వాత ఒకరు బయటపడ్డారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. నకలు లేకుండా, తల్లుల కాపలాతో వివేకిని నడపడానికి "భీమిలి పద్ధతి" అని పేరొచ్చింది. దాన్ని నేర్చుకోవడానికి పక్క రాష్ట్రాల నుంచి ఇంజినీర్లు బస్సు కట్టుకుని వచ్చారు. రత్నాన్ని మధ్యలో నిలబెట్టి ఫోటో తీశారు. ఫోటోలో ఆమె కెమెరాకేసి చూడలేదు, చేతిలో బిడ్డకేసే చూసింది.

ఇంటికి పంపే రోజున డాక్టర్ కరుణకుమారి ఆమెని కింది అంతస్తులోకి తీసుకెళ్ళి ఒక గది తాళం తీసింది. లోపల అలమార అంత ఇనప పెట్టె. దానిమీద నీలం దీపం నిలకడగా వెలుగుతోంది.

"ఇదేంటో తెలుసా?"

"లేదమ్మా."

"జిలానీ చేసిన పొంచి వినే పెట్టె. మొదటి రోజు నుంచీ పని చేస్తూనే ఉంది. నీ బిడ్డ తీరుపటం మొత్తం ఇందులో ఉంది. సెకను కూడా పోలేదు."

రత్నం చంకలో బిడ్డని ఇటునుంచి అటు మార్చుకుంది.

"ఆ రోజు కూడానా?"

"ఆ రోజు కూడా. నా జేబులో మీట ఉంది. నొక్కితే నకలు పైకి వచ్చేస్తుంది. నువ్వు చదవడం మొదలుపెట్టాక అంకె ఎక్కుతుంటే ఆగాను. ఒక్క మెట్టు దిగినా నొక్కేదాన్ని."

"నా ప్రాణం సగం పోయిందమ్మా ఆ పదకొండు నిమిషాల్లో!" రత్నం గొంతు పెరిగింది. "దేముడు మూడు రోజులు అన్నం తినలేదు. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వేగా అన్నావు, నకలుందని తెలిస్తే చూడరని."

"నేనన్నది యంత్రాన్ని!"

"అదెవర్ని చూసి నేర్చుకుంది?" అంది డాక్టరమ్మ. "నీడ ఉన్న రోజుల్లో, ఆరేళ్ళలో, ఒక్క తల్లి ఒక్క అక్షరం రాయలేదు. సిస్టర్లు దీపాలకేసి చూడలేదు. కార్డు వేడెక్కితే కాలేదాకా మాకు తెలిసేది కాదు. ఈ పదకొండు వారాల్లో ఎనిమిది మంది తల్లులు పద్నాలుగు తప్పులు ముందే పట్టుకున్నారు. నకలు సంగతి తెలిసింది నాకూ, జిలానీకీ. అతను రోజూ నిద్రపోయాడు. నేను నా వంతులో గళ్ళనుడికట్టు నింపాను. నిజం చెప్పు రత్నం. ఇక్కడ నకలు ఉందని తెలిస్తే నువ్వు ఆ పుస్తకం రాసేదానివా?"

"రాసేదాన్ని!" అంది రత్నం వెంటనే. తర్వాత నీలం దీపానికేసి చూసింది. "రెండ్రోజులు... రాసేదాన్నేమో."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది, రత్నానికీ ఆగలేదు. బిడ్డ ఉలిక్కిపడి ఇద్దర్నీ చూసింది.

"రేపు నీ తొట్టెలోకి కొత్త బిడ్డ వస్తోంది" అంది డాక్టరమ్మ తాళం వేస్తూ. "తల్లి నీలాగే భయస్తురాలు. పొద్దుట్నుంచి మూడుసార్లు అడిగింది, నకలు ఉందా అని. ఏం చెప్పమంటావు?"

రత్నం ఎక్కువసేపు ఆలోచించలేదు.

"లేదనండి" అంది.

ఇంటికొచ్చాక రత్నానికి కొత్త బెంగ పట్టుకుంది. ఇంటినిండా మనుషులు. భర్త దేముడు, అత్త అప్పాయమ్మ, పురుడు చూడ్డానికి వచ్చిన ఆడపడుచు కొండమ్మ. "మేం చూస్తాంలే, నువ్వు కునుకు తియ్యి" అని ముగ్గురూ అనేవారు. కునుకు తీసి లేచేసరికి ఒకరు టీవీ దగ్గర, ఒకరు పెరట్లో, ఒకరు వీధి అరుగు మీద కనబడేవారు. బిడ్డ దోమతెర కాలితో తన్నేసి చేతులు ఆడిస్తుండేది.

నాలుగో రోజు మధ్యాహ్నం రత్నం ముందు దేముడి దగ్గరికి వెళ్ళింది. "మావా, అత్త అమ్మవారి గుడికెళ్ళింది, వదిన నిద్రపోయింది. పాపకి నువ్వొక్కడివే." తర్వాత వంటింట్లోకి వెళ్ళి, "అత్తా, మీ అబ్బాయి పడవ మీదికి పోయాడు, వదిన బజారుకెళ్ళింది. మీరొక్కరే" అంది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న కొండమ్మకీ అలాంటిదే చెప్పింది. ముగ్గురూ ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు, ఒక్కో గుమ్మం నుంచి, రెప్ప వెయ్యకుండా ఉయ్యాలకేసే చూస్తూ కూర్చున్నారు. రత్నం మూడు నెలల తర్వాత మొదటిసారి ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది.

రోజూ ఇవే అబద్ధాలతో వారం గడిచింది. ఎనిమిదో రోజు బిడ్డ తుమ్మింది.

ముగ్గురూ ఒకేసారి పరిగెత్తుకొచ్చి ఉయ్యాల దగ్గర ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు.

"ఓలమ్మో, నువ్వు గుడికెళ్ళలేదా అమ్మా?" అన్నాడు దేముడు.

"నువ్వు పడవ మీద లేవేట్రా?" అంది అప్పాయమ్మ.

"అయితే ఇద్దరూ ఇక్కడే ఉన్నారా!" అంది కొండమ్మ, హాయిగా ఊపిరి వదిలి. "మరి నాతో పనేటి?" అని బట్టల దగ్గరికి వెళ్ళిపోయింది.

"నువ్వున్నావు కదరా" అని అప్పాయమ్మ వంటింట్లోకి నడిచింది.

"అమ్మ ఉంది కదా" అని దేముడు వీధిలోకి వెళ్ళాడు.

తడికె అవతల పడుకున్న రత్నానికి అన్నీ వినబడ్డాయి. లేచి, జుట్టు ముడేసుకుని, నవ్వుకుంటూ వచ్చి ఉయ్యాల పక్కన చతికిలబడింది. బిడ్డ ఎడంకాలు చాపుకుని ఆమెకేసే చూస్తోంది.

"మళ్ళీ మనిద్దరమేనే తల్లీ" అంది రత్నం. "రేపటికి ఇంకేం అబద్ధం చెబుదాం?"